సముద్రతీరపు ఊరికి పర్యాటకం తేవాలంటే వర్తక సంఘం అధ్యక్షుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మీది శ్రీకాకుళం జిల్లాలో, వంశధార నది సముద్రంలో కలిసే మొగకు దగ్గరలో ఉన్న తీరపు ఊరు. వర్తక సంఘం అధ్యక్షుడిగా ఈ మధ్యే ఎన్నికయ్యారు. ఊరికి పర్యాటకులను రప్పిస్తానని, దుకాణాలకు వ్యాపారం పెంచుతానని సభ్యులకు మాట ఇచ్చారు. ఇప్పుడు కొందరు బీచ్ ఫెస్టివల్ పెట్టమంటున్నారు. కొందరు బయటి పెట్టుబడిదారును తెచ్చి రిసార్టు కట్టించమంటున్నారు. జాలరి పేట పెద్దలు మాత్రం ఇదంతా తమకు వద్దని సమావేశానికే రాలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మీ సందేహం.

ఈ జిల్లా తీరంలోనే నేను చాలా ఏళ్లు లాడ్జి, భోజన హోటలు నడిపాను. వర్తక సంఘానికి కార్యదర్శిగా కూడా పనిచేశాను. నా అనుభవంతో చెప్పే మాట ఒక్కటే. ఫెస్టివల్ తర్వాత, రిసార్టు ఇంకా తర్వాత. మొదటి సమావేశానికి రాని ఆ జాలరి పేట పెద్దలే మీకు మొదటి పని. వాళ్ల ఇంటికి ఆదాయం చేర్చని పర్యాటకం మీ ఊళ్లో రెండు సీజన్లకు మించి నిలవదు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఒక కార్తీక ఆదివారం మీ బీచ్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూడండి. విశాఖపట్నం, విజయనగరం, పర్లాకిమిడి వైపుల నుంచి కుటుంబాలు కార్లలో వస్తాయి. పులిహోర, పెరుగన్నం, చక్కెర పొంగలి స్టీలు గిన్నెల్లో కట్టుకుని వస్తారు. సరుగుడు నీడలో జంపఖానా పరుస్తారు. పిల్లలు నీళ్లలో ఆడతారు, పెద్దవాళ్లు లైట్ హౌస్ కనిపించేలా ఫొటోలు దిగుతారు. మధ్యాహ్నం రెండు దాటాక ఆడవాళ్లు మరుగుదొడ్డి ఎక్కడుందని అడగడం మొదలుపెడతారు. ఉన్నది ఒక్కటి, దానికి తాళం. ఆ మాట తెలిసిన పావుగంటలో గిన్నెలు సర్దేస్తారు. మూడున్నరకల్లా బీచ్ సగం ఖాళీ. ఎండ తగ్గి గాలి చల్లబడి, టీ, బజ్జీ, చేపల వేపుడు అమ్ముడుపోవాల్సిన వేళకు మనిషి ఉండడు. ఆ కుటుంబం మీ ఊళ్లో కొన్నది రెండు నీళ్ల సీసాలు, పిల్లలకు ఐస్‌క్రీం. వదిలి వెళ్లింది విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు.

జనం రావడం లేదని మీ సభ్యులు అంటున్నారు. వస్తున్నారు. వచ్చినవాళ్లు నిలవడం లేదు, నిలిచినంత సేపు కొనడానికి ఏమీ దొరకడం లేదు. కాబట్టి ప్రచారానికి ఒక్క రూపాయి పెట్టే ముందు మరుగుదొడ్ల సంగతి చూడండి. కట్టించడం కష్టం కాదు, నిధులు ఏదో ఒక పద్దులో దొరుకుతాయి. నడిపించడమే కష్టం. ప్రారంభోత్సవం జరిగిన నెలకు మోటారు కాలిపోతుంది, కరెంటు బిల్లు ఎవరూ కట్టరు, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. దీనికి మా ఊళ్లో పనిచేసిన పద్ధతి చెబుతాను. పంచాయతీ చేత తీర్మానం చేయించి, నిర్వహణను పేటలోని ఒక డ్వాక్రా సంఘానికి అప్పగించాం. వాడుకున్నవాళ్ల దగ్గర చిన్న రుసుము, కార్ల దగ్గర పార్కింగ్ రుసుము, రెండూ ఆ సంఘమే రసీదు ఇచ్చి వసూలు చేసేది. కరెంటు బిల్లు, ఫినాయిలు, ఊడ్చే మనిషి జీతం పోగా మిగిలింది సంఘానిదే. ఆదాయం తమదైతే తాళం తీసే ఉంచుతారు. తీర్మానం లేకుండా వసూలు మొదలుపెట్టవద్దు. వారం తిరగకముందే ఎవరో ఒకరు వీడియో తీసి అక్రమ వసూళ్లంటారు, మంచి పని అక్కడితో ఆగిపోతుంది.

ఇక జాలరి పేట. వాళ్లు ఎందుకు రానన్నారో వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. మీరు బీచ్ అంటున్న స్థలం వాళ్లకు పడవలు లాగి పెట్టుకునే చోటు, వలలు అల్లుకునే చోటు, చేపలు ఎండబెట్టుకునే చోటు. పర్యాటకం పేరు వినగానే, పడవలు పక్కకు జరపండి, ఎండు చేపల వాసన వస్తోంది, ఇక్కడ ఆరబెట్టవద్దు అనే మాటలు రాబోతున్నాయని వాళ్లకు తెలుసు. పక్క జిల్లాల్లో జరిగింది చూశారు. వాళ్ల భయం న్యాయమైనది. అందుకే మీ సంఘం చేయాల్సిన మొదటి తీర్మానం ఇదే కావాలి: పడవల రేవు, వలల జాగా, ఎండబెట్టే జాగా ఎక్కడి నుంచి ఎక్కడి వరకో పేట పెద్దలే గీత గీసి చూపిస్తారు, దాన్ని పర్యాటకం పేరుతో ఎవరూ ముట్టుకోరు. ఆ కాగితం పట్టుకుని మీరే వాళ్ల దగ్గరకు వెళ్లండి. వాళ్లను మీ ఆఫీసుకు పిలవకండి. రామాలయం అరుగు మీదో, గంగమ్మ గుడి దగ్గరో, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోండి.

రెండో మాట ఆదాయం గురించి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. ఆ రెండు నెలలు పేటలో బలమైన మగవాళ్లందరూ ఖాళీ. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. పెరిగినా రెండు నెలల ఇల్లు దానితో గడవదు, అప్పు తప్పదు. ఇప్పుడు ఆ తేదీలను ఇంకో వైపు నుంచి చూడండి. దాదాపు అవే బడులకు వేసవి సెలవులు. మీ బీచ్‌కు ఏడాదిలో ఎక్కువ మంది వచ్చే రోజులు. సముద్రాన్ని చిన్నప్పటి నుంచి చదివిన మనుషులు పని లేక గట్టున కూర్చుని ఉంటే, సముద్రం తెలియని పిల్లలు వందలమంది వాళ్ల కళ్ల ముందే నీళ్లలోకి దిగుతున్నారు. ఈ రెండింటినీ కలపడమే మీ మొదటి ఏడాది పని అనుకోండి. మరేమీ చేయకపోయినా ఇది చేస్తే చాలు.

బీచ్ కాపలాకు పేట నుంచి గజ ఈతగాళ్లను తీసుకుని రోజు కూలి లెక్కన జీతం ఇవ్వండి. పార్కింగ్ రుసుములోంచి కొంత, దుకాణాల చందా కొంత, పంచాయతీ వాటా కొంత. విజిల్, ఎర్రజెండాలు, పొడవాటి తాళ్లు, గాలి ట్యూబులు, లైఫ్ జాకెట్లు కొనండి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి అందించడం ఎలాగో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ఒక పూటలో నేర్పగలరు. అడిగితే మెరైన్ పోలీసులు కూడా వస్తారు.

ఈ సందర్భంలో ఒక సంగతి మీరు స్వయంగా నేర్చుకోవాలి, అందరికీ నేర్పాలి. అలలు గట్టుకు తోసిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక సన్నని దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో అలలు విరగవు. చుట్టూ తెల్లటి నురగ లేస్తుంటే ఆ ఒక్క చోట నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. ఈత రానివాళ్లు, పిల్లల తల్లిదండ్రులు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. లోపలికి లాగేది కూడా అదే. లాగినప్పుడు గట్టువైపే ఎదురు ఈదితే ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. గట్టుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ సన్నని పాయ దాటి బయట పడవచ్చు. ఈ పాయలు ఒకే చోట ఉండవు, ఇసుక మేటలు మారేకొద్దీ మారతాయి. నది మొగ దగ్గర మరీ ప్రమాదం. ఈ రోజు పాయ ఎక్కడుందో పేట మనిషి గట్టు మీద నిలబడి చూసి చెప్పగలడు. ఏ సలహాదారు నివేదికా చెప్పలేదు. ఎర్రజెండా ఎక్కడ పాతాలో ప్రతి ఉదయం అతనే నిర్ణయించాలి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పుట్టినరోజులకు, పరీక్షలు అయిపోయిన సంబరానికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకుంటుంటే చూశాను. ఆ తల్లిదండ్రుల ఏడుపు ముందు మన వ్యాపారం ఎంత! వ్యాపారం లెక్కలోనే మాట్లాడుకున్నా, ఒక్క ప్రాణం పోతే నెలల తరబడి ఆ బీచ్ వైపు ఎవరూ తొంగిచూడరు.

పేట మగవాళ్లు వలస పోకుండా ఆపాలన్నా ఇదే దారి. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మనది. అయినా మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి ఇతరుల పడవల మీద కూలికి వేటాడతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్ దళాలకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చారు. ఏడాదికి పైగా ఆ ఇళ్లలో ఆడవాళ్లు పడిన యాతన మన తీరంలో ఎవరూ మరచిపోలేదు. మీ బీచ్ ఒక్కటే ఈ వలసను ఆపలేదు. కానీ పేటలో పది ఇళ్లకు ఊళ్లోనే నమ్మకమైన జీతం దొరికితే పది ఇళ్ల మనుషులు ఇంట్లో ఉంటారు. నాయకుడన్నవాడు చూడాల్సిన లెక్క ఇది.

తిండి సంగతికి వద్దాం. సముద్రతీరం కాబట్టి చేపల వేపుడు దుకాణాలు పెడితే చాలనుకుంటారు అందరూ. మన దగ్గర అది సగమే నిజం. మీ బీచ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది అరసవల్లి సూర్యనారాయణ స్వామిని, శ్రీకూర్మాన్ని దర్శించుకుని వచ్చేవాళ్లు. ఆదివారం అరసవల్లికి వెళ్లిన కుటుంబం ఆ రోజు నీచు ముట్టదు. కార్తీకమంతా చాలా ఇళ్లలో అంతే. మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలకు వచ్చేవాళ్లూ అంతే. అంటే జనం బాగా వచ్చే ఇలాంటి రోజుల్లోనే చేపలు తినేవాళ్లు తక్కువ. వాళ్లకు పెట్టడానికి మీ దగ్గర ఏముంది? అరటాకులో వేడి అన్నం, పనసపొట్టు కూర, ముద్దపప్పు, మజ్జిగ పులుసు, కొబ్బరి పచ్చడి వడ్డించే ఒక్క శుభ్రమైన భోజనశాల ఉంటే ఆ గిన్నెలు కట్టుకొచ్చే కుటుంబం రెండోసారి కట్టుకురాదు. ఉద్దానం పనస, కొబ్బరి, పలాస జీడిపప్పు మనకు దగ్గరలోనే ఉన్నాయి. వేసవిలో ముంజలు, చలికాలంలో తేగలు. ఇవి పట్నంవాళ్లకు డబ్బిచ్చినా సులువుగా దొరకనివి.

చేపల విషయంలో ఒక్క జాగ్రత్త. మా ఊళ్లో ఒకావిడ బండి మీద వంజరం ముక్కలు వేయించి అమ్మేది. రుచికి వంక లేదు. అయినా కార్లు దిగినవాళ్లు ఆగి, చూసి, వెళ్లిపోయేవాళ్లు. ధర అడగడానికి మొహమాటం, అడిగాక ఎక్కువ చెబుతుందేమోనని అనుమానం. ఆవిడ కొడుకు ఒక పలక మీద సుద్దతో ఆ రోజు ధరలు రాసి బండికి వేలాడదీశాడు: వంజరం ముక్క ఇంత, చందువా చిన్నది ఇంత, పెద్దది ఇంత, రొయ్యలు ప్లేటు ఇంత. నూనె ఎప్పటిదన్న అనుమానం లేకుండా పొద్దున్నే కొత్త ప్యాకెట్టు అందరి ముందు కోసి పోసేది. ఆ పలక వచ్చాక సాయంత్రానికి చేప మిగలడం మానేసింది. మీ సంఘం చేయాల్సింది ప్రతి బండికీ, ప్రతి ఆటోకూ, ప్రతి గదికీ అలాంటి పలక తగిలించడం. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కడ దిగిన కొత్త మనిషిని ఆటోవాళ్లు ఇష్టం వచ్చినట్టు అడిగితే వాడు మీ ఊరికి చేరకముందే మనసు విరిగిపోతుంది. ఆటో యూనియన్‌తో కూర్చుని ఒక రేటు కాగితం రాయించండి. దీనికి గొడవ జరుగుతుంది. మీ సభ్యుల్లోనే కొందరు మీ మీద అలుగుతారు. ఓర్చుకోండి, ఈ ఒక్క విషయంలో వెనక్కి తగ్గవద్దు.

వేట నిషేధంలో మంచి చేప తక్కువగా వస్తుంది. ఇంజను లేని తెప్పల మీద తెచ్చేదే. అప్పుడు మంచు పెట్టెల్లో నిలవ చేప తెచ్చి తాజాదని అమ్మే దుకాణం మొత్తం ఊరి పేరు చెడగొడుతుంది. ఆ నెలల్లో ఎండు చేపలు, నెత్తళ్ల వేపుడు, ఊరగాయలు అమ్ముకోవచ్చు. ఇసుక మీద కాకుండా ఎత్తైన పందిళ్ల మీద, వల కప్పి ఎండబెట్టిన చేపకు ధర వేరే. ఇలాంటి వాటికి 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం దాకా సబ్సిడీ ఉంది. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టించండి. ఊరగాయ, జీడిపప్పు వంటి చిన్న ఆహార పరిశ్రమలకు వేరే కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వస్తుంది. పేటలో ఆడవాళ్లకు ఈ కాగితాల పని తెలియదు. మీ సంఘం గుమాస్తా ఆ పని చేసి పెడితే, మీరు వందసార్లు ఉపన్యసించినా రాని నమ్మకం వస్తుంది.

బస గురించి. రాత్రి నిలిచిన కుటుంబం రెండు భోజనాలు, ఒక టిఫిను, నాలుగు టీలు కొంటుంది, పొద్దున్నే మరో చోటు చూస్తుంది. కాబట్టి గదులు కావాలి. రిసార్టు అన్న మాట వచ్చేసరికి మీ సభ్యులు తీరం పక్కనే పెద్ద భవనం ఊహించుకుంటున్నారు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, అందరూ ఒకసారి చదవాలి. 2019 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రత తక్కువ ఉన్న చోట పోటు గీత నుంచి, అంటే సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు చేరే హద్దు నుంచి, 200 మీటర్ల వరకు, బాగా ఎక్కువ ఉన్న చోట 50 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకు వీలులేదు. మీ ఊరు ఏ తరగతిలో ఉందో తీర నిర్వహణ పటంలో చూసుకోవాలి. అదే నోటిఫికేషన్ బీచ్‌లో తాత్కాలిక పాకలు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి వసతి వంటివి పోటు గీతకు కనీసం 10 మీటర్ల దూరం పాటించి, అనుమతితో పెట్టుకోనిస్తుంది. స్థానికులు తమ ఇళ్ల పునాది, రూపం మార్చకుండా అతిథులకు గదులు ఇచ్చుకోవచ్చు. అంటే చట్టం తెరిచి ఉంచిన దారి మీ పేట ఇళ్ల గుండానే పోతోంది. ఒక శుభ్రమైన గది, స్నానాల గది, దోమతెర, తలుపుకు లోపలి గడియ, పరిచిన తెల్లటి దుప్పటి. నాలుగు ఇళ్లతో మొదలుపెట్టండి. అనుమతి లేకుండా కట్టి, తర్వాత కూలగొట్టించుకున్న కట్టడాలు ఈ తీరం పొడవునా కనిపిస్తాయి, వాటిలో మునిగిన అప్పులు ఇళ్లను పీడిస్తూనే ఉన్నాయి.

పగలు గడపడానికి చోట్లు మనకు వెతుక్కోనక్కర్లేదు. కళింగపట్నం బీచ్, పాత రేవు చరిత్ర, లైట్ హౌస్ ఒకవైపు. నది వెంబడి వెనక్కి వెళితే గుట్ట మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు. 1919లో వాటిని లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి గారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషే ఆ గుట్ట ఎక్కి ఇటుకల కుప్పల్లో చరిత్రను గుర్తుపట్టారంటే నాకు ఎప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది. 2017-18లో కేంద్రం స్వదేశ్ దర్శన్ అనే పర్యాటక పథకంలో భాగంగా మంజూరు చేసిన బౌద్ధ యాత్రా మార్గం శాలిహుండంతోనే మొదలవుతుంది. ఆ గుట్ట మధ్యాహ్నం ఎక్కించవద్దు, రాళ్లు కాలిపోతాయి. పొద్దున అరసవల్లి, తర్వాత శ్రీకూర్మం, మధ్యాహ్నం మీ ఊళ్లో భోజనం, నీడలో విశ్రాంతి, నాలుగింటికి శాలిహుండం, గుట్ట మీది నుంచి వంశధారను చూసి, చీకటి పడే వేళకు మళ్లీ మీ బీచ్. ఈ క్రమంలో తిప్పితే రాత్రి బస సహజంగా వచ్చి పడుతుంది. రెండో రోజుకు శ్రీముఖలింగం, చలికాలమైతే టెక్కలి వైపు తేలినీలాపురం. అక్కడ పెలికాన్లు, కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. మీ సభ్యులను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఊరు మొత్తం ఒక మాట మీద ఉంటే ఏమవుతుందో కళ్లారా చూస్తారు.

పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాను మీ ఊళ్లో ఒక చిన్న దుకాణంలో తప్పక పెట్టండి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చెబితే, ఆ దవడ చూపిస్తే, కొనని మనిషి కూడా నిలబడి వింటాడు.

దీపాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త అధ్యక్షులందరూ మొదట అడిగేది హైమాస్ట్ లైట్లే. మన ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. దాదాపు 50 రోజులకు పిల్లలు బయటికి వచ్చి, వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు పాకుతాయి. చీకటి రాత్రి సముద్రం మీద మెరుపే వాటికి దారి. గట్టున పెద్ద దీపం పెడితే అవి రోడ్డువైపు పాకి, కుక్కలకు, కాకులకు, చక్రాలకు బలైపోతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి అది, అంటే అత్యంత రక్షణ ఉన్న జాబితాలోది. దీపాలు పార్కింగ్ వైపు, కిందికి చూసేలా, కప్పుతో పెట్టించండి. అటవీశాఖ వాళ్లు గుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను వదిలే తెల్లవారుజామున, వాళ్ల అనుమతితో, దూరంగా నిలబడి చూసేలా కుటుంబాలను పిలవవచ్చు. అరచేతిలో పట్టే ఆ జీవి మొదటి అలలోకి వెళ్లడం చూసిన పిల్లవాడు ఏడాదంతా మీ ఊరి పేరు చెబుతాడు. ఆ దృశ్యం కోసం ముందు రోజు రాత్రే వచ్చి ఉండాలి కదా, గదులూ నిండుతాయి. అలాగే పార్కింగ్ కోసం సరుగుడు చెట్టు ఒక్కటీ కొట్టనివ్వకండి. ఇసుకను, తుపాను గాలిని మీ ఇళ్లకు ముందు అడ్డుకునేది అవే.

ప్రభుత్వ కార్యాలయాల్లో పని ఎలా జరుగుతుందని అడిగారు. మా సంఘానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా ఉన్న కిరాణా వ్యాపారి పద్ధతి చెబుతాను. ఆయన ఏ అర్జీలోనూ రెండు విషయాలు రాసేవారు కాదు. ఒక కాగితం, ఒకే కోరిక, దానికి సంబంధించిన పంచాయతీ తీర్మానం నకలు, రెండు ఫొటోలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే రోజున ఇచ్చి, నకలు మీద తారీఖుతో ముద్ర వేయించుకునేవారు. ఆ ముద్ర ఉన్న నకళ్లన్నీ వరసగా ఒక గుడ్డసంచిలో ఉండేవి. అధికారి బదిలీ అయితే కొత్తవారి దగ్గరకు మొదటి వారంలోనే ఆ సంచితో వెళ్లేవారు. పాత కథ చెప్పేవారు కాదు, కాగితాలు వరసగా పరిచేవారు. ఆయన ఏ పార్టీ వేదికా ఎక్కలేదు. అన్ని పార్టీల వాళ్లూ ఆయన కొట్టుకు వచ్చేవాళ్లు. మీరు కూడా పదవిలో ఉన్నంత కాలం ఏ కండువా కప్పుకోకండి. ప్రభుత్వం మారిన రోజున మీ బీచ్ పని ఆగకూడదు.

భూముల గురించి హెచ్చరించడం నా బాధ్యత. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం, సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు, ఈ రెండు పేర్లు చెప్పి మధ్యవర్తులు తీరపు ఊళ్లలో తిరుగుతున్నారు. విమానాశ్రయం వల్ల దూరపు పర్యాటకులు మన వైపు రావడం తేలికవుతుంది, అందులో సందేహం లేదు. కానీ వాళ్లు వచ్చే నాటికి రోడ్డు పక్క స్థలాలన్నీ బయటివాళ్ల చేతుల్లో ఉంటే మీ ఊరివాళ్లకు మిగిలేది గేటు దగ్గర కాపలా పని. అమ్మవద్దని ఎవరినీ శాసించలేం. ఆడపిల్ల పెళ్లి, వైద్యం, అప్పు, ఎవరి అవసరం వాళ్లది. అయితే అమ్మబోయే ముందు సంఘానికి ఒక మాట చెప్పమనండి. కొనగలిగిన ఊరివాళ్లు ఉంటే వాళ్లకు మొదటి అవకాశం. లేదా దీర్ఘకాలపు లీజు. పెట్టుబడిదారుడు వచ్చినా ఇబ్బంది లేదు, అతనితో ముందే రాయించుకోండి: పనివాళ్లలో ఎంతమంది ఊరివాళ్లు, చేప ఎవరి దగ్గర కొంటారు, బీచ్‌కు వెళ్లే దారి అందరికీ తెరిచి ఉంటుందా లేదా. మా పక్క ఊళ్లో ఒక నిర్మాణ సంస్థ నోటిమాటగా హామీలిచ్చి, ప్రహరీ కట్టి, పడవల దారి మూసేసింది. ఆ దారి కోసం పేటవాళ్లు కోర్టు మెట్లెక్కుతూనే ఉన్నారు.

తుపాన్ల మాట మరువకండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అక్టోబరు, నవంబరు మన తీరానికి గండం. బీచ్‌లో పెట్టే ప్రతి పాకా ఒక పూటలో విప్పి లోపలికి తరలించేలా ఉండాలి. వాతావరణ హెచ్చరిక రాగానే గదుల్లో ఉన్నవాళ్లను డబ్బు వాపసిచ్చి పంపించే నియమం ముందే రాసుకోండి. కార్తీకం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఈ నియమం కాగితానికే పరిమితం కాకూడదు.

ఇక ఫెస్టివల్. పెట్టండి, కానీ మరుగుదొడ్లు ఏడాదంతా తెరిచి ఉండి, ఎర్రజెండా రోజూ ఎగిరి, నాలుగు ఇళ్లలో గదులు నడిచిన తర్వాత. తేదీలు రథసప్తమి చుట్టూ చూసుకోండి. 2025 నుంచి అరసవల్లి రథసప్తమి రాష్ట్ర పండుగ అయింది, జనం ఎలాగూ జిల్లాకు వస్తారు, గాలి చల్లగా ఉంటుంది, తుపాను భయం ఉండదు. సినిమా పాటల వేదిక కోసం లక్షలు పోయకండి. పడవ పందాలు, తీరం నుంచి లాగే వలను పర్యాటకులతో కలిసి లాగించడం, తప్పెటగుళ్లు, పేట ఆడవాళ్ల వంటలు, ఇవి మన దగ్గర ఉన్నవి, మరో చోట దొరకనివి. దుకాణాల స్థలాలు వేలం వేస్తే బయటి వ్యాపారులు తీసుకుపోతారు. సగం స్థలాలు పేటకు, డ్వాక్రా సంఘాలకు ముందే కేటాయించి, మిగిలినవే వేలం వేయండి. గంగమ్మ జాతర తేదీలతో ఢీకొనకుండా పేట పెద్దల చేతనే రోజు నిర్ణయింపజేయండి.

పంచాయతీ తీర్మానం, పార్కింగ్ రసీదు పుస్తకం, ఆటో రేట్ల కాగితం నమూనాలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే పెడతాను. మీ ఊరు సీఆర్‌జెడ్ పటంలో ఏ తరగతిలో ఉందో తెలుసుకుని రాస్తే, గదులకు ఏ అనుమతులు కావాలో విడిగా చెబుతాను.